66 ఏళ్ల భుజం, 70 అడుగుల లాభం

కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్‌లో ఉంది ప్రపంచంలోనే తొలి శాశ్వత డిస్క్ గోల్ఫ్ మైదానం. బలం తగ్గిన చేతులు దూరం ఎలా పెంచుకోవచ్చో అక్కడి పెద్దవాళ్లను చూసి నేర్చుకోవాలి.

నేను విసిరిన మొదటి డిస్క్ ఎడమవైపు పొదలో పడింది. రెండోదీ అదే పొదలో పడింది. తీసుకుందామని వంగబోతుంటే వెనక నుంచి ఎవరో కేకేశారు: "ఆ ఆకులు ముట్టుకోకండి!" అది పాయిజన్ ఓక్ పొద. తగిలితే వారం పదిరోజులపాటు దద్దుర్లు, దురద. మన దూలగొండికి అన్నలాంటిది. కేకేసిన పెద్దమనిషి తన సంచిలోంచి పొడవాటి కర్ర తీసి రెండు డిస్కులనూ బయటికి లాగారు. కాగితంతో తుడిచి, వాటి మీది అంకెలు చదివి నవ్వారు. "ఇవి మీరు కొన్నవి కావు కదా?" అన్నారు. కావు. మా అల్లుడివి. ఆయనకు 74 ఏళ్లు, నాకు అప్పటికి 66. మా స్నేహం అలా మొదలైంది.

అది 2023 ఏప్రిల్. లాస్ ఏంజెలిస్‌కు ఈశాన్యాన పాసడేనా ఊరి అంచున, 210 ఫ్రీవే దిగగానే ఓక్ గ్రోవ్ డ్రైవ్ అనే రోడ్డు వస్తుంది. ఆ రోడ్డు చివర నాసా వారి జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ. దాన్ని ఆనుకునే ఈ పార్కు. ఇప్పుడు దాని పేరు హహమోంగ్నా. ఆ నేల మీద యూరోపియన్లకన్నా ముందు నుంచి ఉన్న టోంగ్వా ప్రజల మాట అది. ఆటగాళ్లు మాత్రం ఇప్పటికీ పాత పేరుతో ఓక్ గ్రోవ్ అనే పిలుస్తారు. వెనక శాన్ గాబ్రియేల్ కొండలు. కింద అరోయో సెకో వాగు. పేరుకు అర్థం 'ఎండిన వాగు'. ఆ ఏడాది చలికాలంలో వానలు దంచికొట్టడంతో కొండవాలు పచ్చగా ఉంది. వంకర కొమ్మల ముసలి ఓక్ చెట్ల నడుమ అక్కడక్కడా ఇనప గొలుసులు వేలాడే బుట్టలు. అక్కడికి వెళ్లిన రోజు వాటిని చూసి చెత్తబుట్టలనుకున్నాను.

ఈ వాగు ఒడ్డుకు విసరడం కొత్తేమీ కాదు. 1936 అక్టోబర్ 31న కొందరు కుర్రాళ్లు ఇక్కడే సొంతంగా తయారు చేసుకున్న రాకెట్ ఇంజన్‌ను మండించి చూశారు. జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ పుట్టుక ఆ ప్రయోగంతోనే ముడిపడి ఉంది. అంగారకుడి మీద తిరిగిన రోవర్లు ఈ ప్రాంగణంలోనే తయారయ్యాయి. నేను వెళ్లడానికి కొద్ది వారాల ముందే, ఇస్రోతో కలిసి నిర్మిస్తున్న నిసార్ ఉపగ్రహపు ప్రధాన పరికరాలు ఇక్కడి నుంచి విమానమెక్కి బెంగళూరు చేరాయి. అవి చివరికి చేరాల్సింది మా నెల్లూరుకు దగ్గరలోని శ్రీహరికోటకే. నన్నెరిగిన వస్తువొకటి ఎదురొచ్చినట్టనిపించింది.

ఇక ఆట సంగతి. నియమాలన్నీ గోల్ఫ్‌వే. బంతి బదులు ప్లాస్టిక్ డిస్క్, గుంట బదులు గొలుసుల బుట్ట. విసిరింది ఎక్కడ పడితే అక్కడి నుంచే మళ్లీ విసరాలి. తక్కువ విసుర్లలో 18 బుట్టలు పూర్తి చేసినవాడు గెలిచినట్టు. దీన్ని ఒక క్రమంలో పెట్టినవాడు ఎడ్ హెడ్రిక్. ఫ్రిస్బీలను తయారు చేసిన వామ్-ఓ కంపెనీలో పనిచేశాడు. ఫ్రిస్బీ పైన కనిపించే గుండ్రటి గీతలు ఆయన ఆలోచనే. అవి డిస్కును గాలిలో నిలకడగా ఉంచుతాయి. 1967లో దానికి పేటెంట్ వచ్చింది. 1975లో ఓక్ గ్రోవ్‌లో శాశ్వత మైదానం వెలిసింది. మొదట్లో గొలుసులు లేవు, పాతిన గుంజలే. డిస్క్ తగిలిందా, తగల్లేదా అని తగువులు తెగక ఆయన గొలుసుల బుట్ట కనిపెట్టాడు. 1976లో ఆటగాళ్ల సంఘాన్నీ స్థాపించాడు. 2002లో చనిపోయాక, కోరిక మేరకు ఆయన చితాభస్మాన్ని ప్లాస్టిక్‌లో కలిపి డిస్కులు పోశారు. మనవాళ్లు గంగలో కలుపుతారు, ఆయన గాలిలో కలిశాడు.

నేను అక్కడికి ఎందుకు వెళ్లానో చెప్పాలి. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని అమెరికా వెళ్లే తల్లిదండ్రులకు ఇది కొత్త కథ కాదు. ఉదయం ఎనిమిదిన్నరకల్లా ఇల్లు ఖాళీ అవుతుంది. కారు లేనిదే కాలు కదపలేం. శనివారం మాలిబు వెంకటేశ్వరస్వామి గుడి, ఆదివారం సరుకులు. మిగతా అయిదు రోజులూ టీవీ, కిటికీ. నాకు అదనంగా ఇంకో బాధ. షుగర్ ఉన్నవాళ్లకు తరచూ వచ్చే ఫ్రోజెన్ షోల్డర్ నా కుడి భుజాన్ని ఏడాదిన్నరపాటు పట్టేసింది. నొప్పి పోయినా బిగువు పోలేదు. చెన్నైలో విమానమెక్కాక చేతిపెట్టెను పైఅరలోకి ఎత్తలేక నిలబడితే, పక్కసీటు అమ్మాయి ఎత్తి పెట్టింది. ముప్ఫై ఏడేళ్లు బ్యాంకులో పనిచేసి, ఊరూరా బదిలీ సామాన్లు మోసినవాణ్ణి. ఆ అమ్మాయికి థాంక్స్ చెప్పి దారంతా కిటికీవైపు చూస్తూ కూర్చున్నాను.

అందుకే అల్లుడు ఓ శనివారం పార్కుకు తీసుకెళ్తే మర్నాడు కూడా వెళ్దామన్నాను. తర్వాత వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళుతూ నన్ను అక్కడ దింపేవాడు. మధ్యాహ్నం మా అమ్మాయి వచ్చి తీసుకెళ్లేది. "పళ్లెం విసరడానికి పాఠాలు కూడానా?" అంది మా ఆవిడ. అమ్మాయికి మాత్రం నవ్వు రాలేదు. "నాన్నా, ఆ రాళ్లల్లో పడితే? నీ ఇన్సూరెన్స్‌కు ఒక్క రాత్రి ఆసుపత్రి ఖర్చు కూడా రాదు, తెలుసా?" అంది. తెలుసు. సందర్శకులుగా వెళ్లే పెద్దలందరికీ తెలిసిన భయమే అది.

మొదటి రోజున నేను విసిరిన దూరం 120 అడుగులు. కుర్రాళ్లు నా తల మీదుగా 350 అడుగులు పంపుతున్నారు. ప్రపంచ రికార్డు 2016లో అమెరికా కుర్రాడు డేవిడ్ విగ్గిన్స్ జూనియర్ ఈదురుగాలి సాయంతో విసిరిన 338 మీటర్లు. అంటే 1,100 అడుగులకు పైనే. ఆ లెక్కలు మనవి కావు. కానీ నాలాంటివాడికి కూడా దూరం అవసరమే. బుట్ట 300 అడుగుల దూరంలో ఉందనుకోండి. 120 అడుగులవాడు రెండుసార్లు విసిరినా ఇంకా 60 అడుగులు మిగులుతుంది. 190 అడుగులవాడు రెండో విసురుకే బుట్ట పక్కన ఉంటాడు. ఆట మొత్తమ్మీద ఆ తేడా పదీ పన్నెండు విసుర్లు. బిగిసిన భుజానికి అది చిన్న విషయం కాదు.

మా గురువు, అంటే పొదలోంచి డిస్కులు తీసిన పెద్దమనిషి, బడిపిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవారు. మొదటి పాఠం అంకెలతోనే మొదలెట్టారు. డిస్కు మీద నాలుగు అంకెలుంటాయి. మొదటిది దానికి కావలసిన వేగం, రెండోది గాలిలో తేలే గుణం, మూడోది మొదట్లో కుడికి ఒరిగే గుణం, నాలుగోది చివర్లో ఎడమకు వాలే గుణం. కుడిచేతివాటంవాళ్లు చేతిని ఛాతీకి అడ్డంగా లాగి విసిరినప్పటి లెక్కలివి. మా అల్లుడి డిస్కు వేగం 12, బరువు 175 గ్రాములు. పదునైన అంచులున్న ఆ డిస్కు బలమైన చేతిలోంచి దూసుకుపోతుంది. తగినంత వేగం ఇవ్వలేని చేతిలోంచి బయటపడగానే ఎడమకు తిరిగి నేలకు దిగుతుంది. పొదకు నా మీద పగేమీ లేదన్నమాట.

ఆయన తన సంచిలోంచి పసుపురంగు డిస్కు తీసిచ్చారు. వేగం 7, బరువు 150 గ్రాములు, కుడికి ఒరిగే రకం. అదే చేత్తో, అంతే బలంతో విసిరితే 145 అడుగులు తిన్నగా వెళ్లింది. ఒక్క కండరమూ పెంచకుండా 25 అడుగులు వచ్చాయి. "చాలామంది పెద్దవాళ్లు ఈ మెట్టు దగ్గరే ఆగిపోతారు. తేలిక డిస్కు పట్టుకోవడం నామోషీ వాళ్లకు. ముప్ఫై ఏళ్ల కిందట కొన్న డిస్కులే విసురుతూ, మైదానం పెద్దదైందంటారు" అన్నారాయన.

రెండో పాఠం డిస్కు ముక్కు గురించి. ముందు అంచు ఏమాత్రం పైకి లేచినా గాలి కింది నుంచి తన్నుతుంది. డిస్కు అందంగా ఎత్తుకు లేచి, అక్కడే ఊపిరాగినట్టు ఆగి, పక్కకు జారిపోతుంది. చూసేవాళ్లకు బలం చాలలేదనిపిస్తుంది. నిజానికి బలమంతా ఎత్తుకు పోయింది. జగ్గుతో నీళ్లు ఒంపుతున్నట్టు మణికట్టును కాస్త కిందికి వంచి పట్టుకుంటే ముక్కు దిగుతుంది. వినడానికి తేలికే. నాకు మూడు వారాలు పట్టింది.

మూడో పాఠానికి నేను సిద్ధంగా లేను. "పరిగెత్తడం మానెయ్యండి" అన్నారు. కుర్రాళ్లు కాళ్లు మార్చుకుంటూ మూడు నాలుగు అంగలేసి విసురుతారు. నేనూ అదే చేయబోయి తడబడుతున్నాను. కుడి భుజం లక్ష్యంవైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడి, ముందు బరువును ఎడమకాలి మీద ఉంచాలి. తర్వాత కుడికాలి మీదికి మార్చాలి. కుడిపాదం నేలలో కుదురుకున్నాకే తుంటి తిరగాలి. తర్వాత ఛాతీ. అన్నిటికన్నా ఆఖరున చెయ్యి. డిస్కు ఒంటి చుట్టూ వలయంలా తిరగకుండా ఛాతీకి దగ్గరగా తిన్నగా రావాలి. వేగమంతా ఆఖరి అడుగున్నరలోనే. వదిలిన వెంటనే కుడిపాదం మడమ మీద తిరగాలి. లేకపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది.

చెయ్యి భుజం కన్నా పైకి లేవనక్కర్లేదన్నదే నాకు ఇందులో పెద్ద ఊరట. నేను ఎత్తలేని ఎత్తు ఈ విసురుకు అక్కర్లేదు.

కానీ తెలియడం వేరు, ఒళ్లు వినడం వేరు. అయిదో వారంలో ఓ రోజు 165 అడుగులు పడింది. ఆశ పుట్టింది. ఇంకో పది అడుగుల కోసం పళ్లు బిగబట్టి నలభైసార్లు విసిరాను. దూరం 140కి పడిపోయింది. ఆ రాత్రి కంచంలో పప్పన్నం కలుపుతుంటే మోచేతి లోపల సూది గుచ్చినట్టయి చెయ్యి ఆగిపోయింది. అమ్మాయి చూసింది. ఏమీ అనకుండా లేచి వెళ్లి ఐస్ సంచీ తెచ్చింది. ఆ తర్వాతే మాట్లాడింది. "పార్కుకు వెళ్లొద్దని ఎందుకు అనలేదో తెలుసా? వచ్చిన్నాటి నుంచి నువ్వు నాకు ఏదో ఒకటి చెప్పిన సాయంత్రాలు అక్కడికి వెళ్లిన రోజులే. కానీ ఇలా అయితే నేను ఆఫీసులో ఎలా కూర్చోను?"

రెండు వారాలు డిస్కు ముట్టుకోలేదు. పార్కుకు మాత్రం వెళ్లాను. కూర్చుని చూశాను. అక్కడ ఉదయం పూట ఆడేవాళ్లలో అరవై దాటినవాళ్లే ఎక్కువ. అమెరికాలో ఈ ఆట పోటీల్లో 40 నుంచి 80 ఏళ్లు పైబడినవారి దాకా విడివిడిగా వయో విభాగాలున్నాయి. బాగా దూరం విసిరే పెద్దల్లో ఎవరి మొహంలోనూ శ్రమ కనిపించదు. విసరడం నెమ్మదిగా మొదలవుతుంది, ఎప్పుడు వేగమందుకుందో తెలియదు.

చూస్తూండగా మా తాతగారు గుర్తొచ్చారు. ఉదయగిరి వైపు ఆయన జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలేవారు. సన్నటి మనిషి. చేను ఆ చివర గట్టు మీద రాయి పడేది. వేసవి సెలవుల్లో నేను చేతి బలమంతా పెట్టి తిప్పితే రాయి మంచె కిందే పడేది. "చెయ్యి తాడురా, రాయి విసిరేది నడుము" అనేవారు. యాభై ఏళ్ల తర్వాత, పసిఫిక్ మహాసముద్రం ఆవల, లెక్కల మాస్టారు వేరే మాటల్లో చెబుతున్నదీ అదే.

వయసుతో ఏం పోతుందో, ఏం పోదో ఆ రెండు వారాల్లో చదివాను. కండబలం కన్నా ముందు తగ్గేది ఆ బలాన్ని చప్పున వాడే శక్తి. వేగంగా ముడుచుకునే కండరపు పోగులు ఎక్కువగా సన్నబడతాయి. అయితే ఒళ్లు నేర్చుకోవడం మాత్రం మానదు. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఒక అధ్యయనాన్ని ప్రచురించింది. వృద్ధాశ్రమంలో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమందితో 8 వారాలపాటు కాళ్లకు బరువులతో వ్యాయామం చేయించారు. పూర్తి చేసినవారి కాలి బలం సగటున 174 శాతం పెరిగింది. అయితే నాకు 66 ఏళ్లు ఒక సాకు మాత్రమే.

మా గురువు వ్యాయామాలు రాసిచ్చారు. కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా చప్పున లేచి, నెమ్మదిగా కూర్చోవడం. తలుపు గొళ్లేనికి కట్టిన రబ్బరు పట్టీని వెనక్కి లాగడం. కూర్చుని నడుం పైభాగాన్ని రెండువైపులా తిప్పడం. విసరడానికి ముందు పది నిమిషాల నడక, చేతుల ఊపు. పూర్తి బలంతో రోజుకు 20 విసుర్లు మించకూడదు. మర్నాడు విశ్రాంతి. మా అమ్మాయి ఆ కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించింది. 20 అన్న అంకె కింద ఎర్ర గీత కూడా గీసింది.

సెప్టెంబర్‌లో తిరుగు ప్రయాణానికి మూడు రోజుల ముందు కొలిచాం. టేపు ఒక కొస మా మనవడి చేతిలో. అయిదుసార్లు విసిరాను. ఒకటి 150, మూడు 180కి అటూఇటూ, ఒకటి 190. టేపు కాస్త వదులుగా పట్టుకున్నాడేమోనని నేనే రెండోసారి కొలిపించాను. 190 అడుగులే. మొదటి రోజుకన్నా 70 ఎక్కువ. లెక్క వేస్తే అందులో 25 డిస్కు మార్చినందుకు, చాలావరకు మిగతాది తొందర మానినందుకు. బలం పెరిగినందుకు వచ్చింది బహుశా పది అడుగులు. ఆ పదీ ఏమైందంటే, తిరిగి వచ్చేటప్పుడు చేతిపెట్టెను పైఅరలో నేనే పెట్టాను. ముందు మోకాళ్లు, తర్వాత నడుము, ఆఖరున చెయ్యి.

గురువు ఆ పసుపు డిస్కును నాకే ఇచ్చేశారు. ఇక్కడ నెల్లూరులో గొలుసుల బుట్టలు లేవు. మా వీధి చివర ఖాళీ స్థలంలో వెదురు గంపను కర్రకు కట్టాం. ఉదయం నడకకు వచ్చే మా రిటైర్డ్ బృందంలో నలుగురు ఆడుతున్నారు. అందరూ మొదట పళ్లు బిగబట్టే విసురుతారు. అందరికీ ఎడమవైపు ముళ్లకంపలోకే వెళుతుంది.

2025 జనవరి 7న ఈటన్ కార్చిచ్చు రేగింది. వాగుకు ఆవలి ఒడ్డునున్న ఆల్టడేనాలో చాలా భాగం కాలిపోయింది. 9 వేలకు పైగా కట్టడాలు బూడిదయ్యాయి. మా గురువు ఇల్లు ఆల్టడేనాలోనే. నాలుగు రోజులు కబురు లేదు. అయిదో రోజు కూతురింటి నుంచి సందేశం వచ్చింది. మనుషులంతా క్షేమం. ఇల్లు పోయింది. నలభై ఏళ్లుగా పోగేసుకున్న డిస్కులన్నీ కరిగి ఒకే ముద్ద అయ్యాయట. దాన్ని ఫొటో తీసి పంపారు. అందులో ఏ రంగు ఏ డిస్కుదో తెలియలేదు.

మర్నాడే పోస్టాఫీసుకు వెళ్లి పసుపు డిస్కును పార్సిల్ చేశాను. లోపల ఏముందో రాయమంటే 'ఆట వస్తువు' అని రాశాను. ఆ జులై 30న నిసార్ శ్రీహరికోట నుంచి నింగికెగిసింది. నేను ఆ సాయంత్రం టీవీలో చూసి, ఓక్ గ్రోవ్ పక్కన పుట్టిన పరికరం మా జిల్లా పక్క నుంచి పైకి వెళ్లిందని ఆయనకు సందేశం పెట్టాను. జవాబులో ముందు దానికి అభినందనలు చెప్పారు. తర్వాత డిస్కు సంగతి రాశారు. పార్సిల్ వచ్చిన నాటి నుంచి వారానికి రెండు రోజులు ఆడుతున్నారట. కూతురింటి దగ్గర పార్కులో 150 అడుగులు వెళుతోందట. "గాలి ఎదురుగా ఉంటుంది" అని పక్కనే రాశారు. 76 ఏళ్లొచ్చినా ఆటగాడు ఆటగాడే.